అయిదు సెకన్ల తేడాలో దాగిన హిమాలయ రహస్యం.. జార్జ్ ఎవరెస్ట్ జీవితగాథ

పర్వత్ పాటియా (సూరత్): సూరత్ నగరంలోని పర్వత్ పాటియా పేరులో పర్వతం ఉంది గానీ, ఆ ప్రాంతంలో కొండ లేదు. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాల పని కోసం తరలివచ్చిన నేత కుటుంబాలకు దశాబ్దాలుగా ఆశ్రయమిస్తున్న ఈ నగరం, తాపీ నది తెచ్చి పోసిన ఒండ్రుమట్టి మైదానంపై వెలిసింది. ఆ మట్టి మాత్రం కొండలదే. మధ్యప్రదేశ్‌లోని బేతుల్ జిల్లా ముల్తాయి వద్ద సాత్పురా కొండల్లో పుట్టిన తాపీ సుమారు 724 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. దారి పొడవునా కొండలను కోసుకుంటూ తెచ్చిన మట్టిని ఇక్కడ పరిచి అరేబియా సముద్రంలో కలుస్తుంది.

లక్షల ఏళ్లుగా వానలు, నదులు ఇలా అరగదీస్తుంటే కొండలు ఎందుకు నేలమట్టం కాలేదు? హిమాలయాల వంటి శ్రేణులు ఇంకా ఎందుకు ఎదుగుతున్నాయి? అరుగుదల కూడా పర్వతాలను పైకి లేపే కారణాల్లో ఒకటని నేటి భూవిజ్ఞానం చెబుతోంది. వినడానికి విడ్డూరంగా తోచే ఈ సమాధానానికి తొలి ఆధారం, ఒక సర్వేయరు లెక్కల్లో మిగిలిపోయిన అయిదు సెకన్ల కోణపు తేడాలో దొరికింది. ఆ సర్వేయరు సర్ జార్జ్ ఎవరెస్ట్. ప్రపంచంలోని అత్యున్నత శిఖరం ఆయన పేరునే మోస్తోంది. ఆయన ఆరోగ్యం తొలిసారి దెబ్బతిన్నది తెలుగు నేలమీద, కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో.

పదహారేళ్ల ప్రాయంలో భారతదేశానికి

జార్జ్ ఎవరెస్ట్ 1790 జులై 4న జన్మించారు. తండ్రి న్యాయవాద వృత్తిలో ఉండేవారు. సైనిక విద్య ముగించుకున్న ఎవరెస్ట్, 1806లో ఈస్టిండియా కంపెనీ బెంగాల్ ఫిరంగిదళంలో చేరి భారతదేశానికి చేరుకున్నారు. అప్పటికి ఆయన వయసు 16 ఏళ్లు. గణితంలోనూ ఖగోళశాస్త్రంలోనూ చూపిన ప్రతిభ ఆయనను ఫిరంగుల నుంచి కొలతల వైపు మళ్లించింది. జావా ద్వీపం కొంతకాలం బ్రిటిష్ వారి ఏలుబడిలో ఉన్నప్పుడు అక్కడ సర్వే పనిచేశారు. తిరిగివచ్చిన తరువాత కలకత్తా నుంచి పశ్చిమ దిశగా సంకేత గోపురాల ద్వారా సమాచారం చేరవేసే మార్గం ఏర్పాటులో పాలుపంచుకున్నారు.

ఆ రోజుల్లో దక్షిణ భారతంలో ఒక మహాకార్యం సాగుతోంది. 1802లో మద్రాసు సమీపాన విలియం లాంబ్టన్ ప్రారంభించిన త్రిభుజీకరణ సర్వే, కన్యాకుమారి నుంచి ఉత్తరంగా ఒకే రేఖాంశం వెంబడి భూమిని కొలుచుకుంటూ పోతోంది. ముందుగా చదునైన నేలపై కొన్ని మైళ్ల ఆధారరేఖను గొలుసులతో అతి జాగ్రత్తగా కొలుస్తారు. దాని రెండు కొనల నుంచి దూరాన ఉన్న కొండ శిఖరాన్నో, గుడి గోపురాన్నో థియోడలైట్ యంత్రంతో చూసి కోణాలు తీస్తారు. ఒక భుజమూ కోణాలూ తెలిస్తే త్రిభుజంలోని మిగతా భుజాల పొడవు లెక్కకట్టవచ్చు. ఒక త్రిభుజంపై మరొకటి పేర్చుకుంటూ పోతే వందల మైళ్ల దూరం లెక్కకు అందుతుంది. అర టన్ను బరువున్న పెద్ద థియోడలైట్‌ను మనుషులు మోసుకుంటూ కొండలెక్కించారు. పటాలు గీయడంతో పాటు భూగోళం అసలు ఆకారాన్ని తేల్చడం కూడా ఈ సర్వే లక్ష్యం. దీనికే మహాచాపం అన్న పేరు స్థిరపడింది.

కృష్ణా గోదావరుల నడుమ మృత్యుముఖం

1818లో ఎవరెస్ట్ లాంబ్టన్‌కు ముఖ్య సహాయకునిగా నియమితులై హైదరాబాద్ చేరుకున్నారు. ఆ మరుసటి ఏడాదే ఆయనకు కఠిన పరీక్ష ఎదురైంది. నిజాం రాజ్యంలో కృష్ణా, గోదావరి నదుల మధ్య ప్రాంతాన్ని త్రిభుజాలతో కప్పే పని ఆయనకు అప్పగించారు. వాన వెలిసిన తరువాత గాలిలో దుమ్ము ఉండదు, దూరపు కొండలు స్పష్టంగా కనబడతాయి. అందుకే సర్వే బృందాలు వర్షాకాలంలోనే అడవుల్లోకి వెళ్లేవి. అదే కాలం విషజ్వరాలకూ అదను.

యెల్లాపురం అడవుల్లో బృందాన్ని మన్యపు జ్వరం కమ్ముకుంది. ఎవరెస్ట్‌తో పాటు, సర్వేకు వైద్యునిగానూ భూగర్భ పరిశీలకునిగానూ ఉన్న హెన్రీ వోయ్‌సే మంచం పట్టారు. జెండాలు మోసేవారు, లస్కర్లు, బోయీలు, కూలీలు కలిపి దాదాపు 150 మంది జ్వరం బారినపడ్డారు. వారిలో కొందరు ప్రాణాలతో తిరిగి రాలేదు. రోగులను తరలించేందుకు హైదరాబాద్ నుంచి వాహనాలు పంపవలసి వచ్చింది. ఆ అడవుల్లో కన్నుమూసిన సామాన్యుల పేర్లు ఏ శిఖరానికీ పెట్టలేదు. మహాచాపం ఖర్చులో వారి ప్రాణాలూ ఒక పద్దు.

కొంత కోలుకుని మళ్లీ పనిలోకి దిగినా జ్వరం తిరగబెట్టడంతో, 1820లో ఎవరెస్ట్‌ను ఆరోగ్యం కోసం దక్షిణాఫ్రికాలోని గుడ్‌హోప్ అగ్రానికి పంపారు.

తూకం గుండును లాగిన కొండ

అక్కడ విశ్రాంతి తీసుకోవలసిన మనిషి ఒక పాత చిక్కుముడిని విప్పే పనిలో పడ్డారు. 1750లలో ఫ్రెంచి ఖగోళవేత్త లకాయ్ అక్కడ భూమిని కొలిచి, దక్షిణార్ధగోళం ఉత్తరార్ధగోళానికి భిన్నమైన ఆకారంలో ఉన్నదనే అర్థం వచ్చే ఫలితం ప్రకటించారు. ఎవరెస్ట్ ఆ కొలతలు జరిగిన చోట్లను స్వయంగా పరిశీలించారు. లకాయ్ లెక్కలో తప్పు లేదని, ఆయన పరిశీలన స్థానాల పక్కనే ఉన్న కొండలే తేడాకు కారణమై ఉండవచ్చని నిర్ధారణకు వచ్చారు.

గోడ నిటారుగా ఉందో లేదో చూసేందుకు మేస్త్రీ తూకం గుండు వేలాడదీస్తాడు. ఖగోళవేత్త కూడా అదే గుండును నమ్ముకుని, నెత్తిన సరిగ్గా నిలువుగా ఉన్న దిక్కు ఏదో తేల్చుకుని, నక్షత్రాల సాయంతో తానున్న చోటి అక్షాంశాన్ని కనుగొంటాడు. కానీ ప్రతి ద్రవ్యరాశీ మరొకదాన్ని ఆకర్షిస్తుంది. పక్కన పెద్ద కొండ ఉంటే అది గుండును ఇసుమంత తనవైపు లాగుతుంది. నిలువు తప్పుతుంది, దానితో అక్షాంశమూ తప్పుతుంది. తరువాత 1840లలో థామస్ మెక్లియర్ అక్కడే చేసిన కొలతలు ఎవరెస్ట్ అభిప్రాయాన్ని బలపరిచాయి. కొండ బరువును తూకం గుండు పసిగడుతుందన్న ఈ పాఠమే కాలక్రమంలో ఆయన జీవితకార్యానికి చిక్కుముడిగా ఎదురైంది.

మహాచాపం పూర్తి

1821లో ఎవరెస్ట్ తిరిగి హైదరాబాద్ వచ్చారు. 1823 జనవరిలో, సర్వే స్థావరాన్ని నాగపూర్‌కు మారుస్తున్న ప్రయాణంలో, లాంబ్టన్ హింగన్‌ఘాట్ వద్ద మరణించారు. సర్వే పగ్గాలు ఎవరెస్ట్ చేతికి వచ్చాయి. బీదర్ సమీపంలోని దామర్‌గిద్ద నుంచి మధ్యభారతంలోని సిరోంజ్ దగ్గరి కల్యాణ్‌పూర్ వరకు ఆయన చాపాన్ని పొడిగించారు. ఆరోగ్యం మాత్రం ఇక నిలదొక్కుకోలేదు. కాళ్లూ చేతులూ స్వాధీనం తప్పిన రోజుల్లో సేవకులు ఆయనను ఎత్తి యంత్రం ముందు కూర్చోబెట్టేవారు. అలాగే నక్షత్రాలను గమనించి లెక్కలు రాయించేవారు. చివరకు 1825లో ఇంగ్లండ్‌కు వెళ్లక తప్పలేదు. అక్కడ గడిపిన ఐదేళ్లలో మెరుగైన పరికరాలు చేయించుకున్నారు, రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నికయ్యారు. 1830లో భారత సర్వేయర్ జనరల్ హోదాలో తిరిగివచ్చారు.

గంగా మైదానంలో ఎక్కి చూసేందుకు కొండలు లేవు. అందువల్ల పగలు దుమ్ము కప్పే నేలమీద రాత్రివేళ దీపాల వెలుగుతో కొలతలు తీశారు. సుమారు 50 అడుగుల ఎత్తున పక్కా గోపురాలు కట్టించారు. చూపుకు అడ్డం వచ్చిన చెట్లను నరికించారు. పని మీద ఆయన పట్టుదల ఎంతటిదో, కింది వారిపై ఆయన ఆగ్రహమూ అంతటిది. అయినా ప్రతిభను గుర్తించడంలో వెనుకాడలేదు. 1831లో కలకత్తా హిందూ కళాశాల నుంచి వచ్చిన యువ గణితజ్ఞుడు రాధానాథ్ సిక్దార్‌ను గణకునిగా చేర్చుకుని క్లిష్టమైన లెక్కలు అప్పగించారు. దక్షిణాదికి చెందిన సయ్యద్ మీర్ మొహసిన్ హుస్సేన్‌ను సూక్ష్మ పరికరాల నిర్మాణంలోనూ మరమ్మతులోనూ నమ్ముకున్నారు. ముస్సోరీ సమీపంలోని హాథీపావ్ వద్ద కొండమీద ఇల్లు తీసుకుని అక్కడి నుంచే పని నడిపించారు. 1841 నాటికి కన్యాకుమారి నుంచి హిమాలయ పాదాల వరకు సుమారు 2,400 కిలోమీటర్ల చాపం పూర్తయింది. 1843లో ఎవరెస్ట్ పదవీ విరమణ చేసి స్వదేశం చేరుకున్నారు.

మిగిలిపోయిన 5.236 సెకన్లు

1847లో ఎవరెస్ట్ తన కొలతల సమగ్ర వివరాలను గ్రంథంగా ప్రచురించారు. అందులో కల్యాణ్‌పూర్, ముజఫర్‌నగర్ సమీపంలోని కలియానా అనే రెండు స్థానాల మధ్య ఒక తేడా తేలింది. హిమాలయాలు గుండును లాగుతాయన్న జాగ్రత్తతోనే చాపం ఉత్తర కొనను కొండల్లో కాకుండా, వాటికి సుమారు 60 మైళ్ల దూరాన మైదానంలోని కలియానాలో నిలిపారు. అయినా తేడా తప్పలేదు. ఆ రెండు చోట్ల అక్షాంశాల అంతరం త్రిభుజాల ద్వారా లెక్కిస్తే 5 డిగ్రీల 23 నిమిషాల 42.294 సెకన్లు. నక్షత్రాల ద్వారా లెక్కిస్తే 5 డిగ్రీల 23 నిమిషాల 37.058 సెకన్లు. తేడా 5.236 సెకన్లు. నేలమీద చూస్తే సుమారు 600 కిలోమీటర్ల దూరంలో దాదాపు 160 మీటర్లు.

ఆధారరేఖలను కొన్ని అంగుళాల తేడాతో సరిపోల్చిన సర్వేకు 160 మీటర్లు చిన్న విషయం కాదు. గుడ్‌హోప్ అగ్రం వద్ద కొండ ప్రభావాన్ని పసిగట్టిన ఎవరెస్ట్, ఇక్కడ మాత్రం ఆ తేడాను త్రిభుజీకరణలో పోగైన చిన్న చిన్న దోషాల ఫలితంగా భావించి గణనలో సర్దుబాటు చేశారు. అంకెలను మాత్రం దాచలేదు. దశాంశ స్థానాలతో సహా అచ్చు వేయించారు. కథ మలుపు తిరిగింది అక్కడే.

కలకత్తాలో ఆర్చ్‌డీకన్‌గా ఉన్న జాన్ హెన్రీ ప్రాట్ మతాధికారే గాక కేంబ్రిడ్జిలో చదివిన గణితజ్ఞుడు. హిమాలయాల బరువును, టిబెట్ పీఠభూమి బరువును అంచనా వేసి, అవి తూకం గుండును ఎంత లాగాలో లెక్కించారు. జవాబు 15.885 సెకన్లు వచ్చింది. కనబడిన తేడాకు మూడు రెట్లు. ప్రశ్న తిరగబడింది. తేడా ఎందుకు వచ్చిందన్నది పోయి, అంత తక్కువే ఎందుకు వచ్చిందన్నది ముందుకొచ్చింది. అంతటి పర్వతశ్రేణి ఉండవలసినంత బలంగా గుండును లాగడం లేదు.

1855లో ఇంగ్లండ్ రాజఖగోళవేత్త జార్జ్ ఎయిరీ సమాధానం సూచించారు. భూపటలం కింద ఉన్న బరువైన పొరపై తేలుతోంది. నీటిలో తేలే దుంగల్లో పైకి ఎత్తుగా కనబడే దుంగ కిందకూ లోతుగా మునిగి ఉంటుంది. అలాగే ఎత్తైన పర్వతం కింద తేలికైన శిల వేరులా లోతుకు దిగి ఉంటుంది. అక్కడ బరువైన శిల ఉండవలసిన చోట తేలిక శిల ఉండటం వల్ల ఆకర్షణ తగ్గుతుంది. ప్రాట్ తరువాత వేరొక వివరణ ఇచ్చారు. పర్వతాల కింది శిల సాంద్రతే తక్కువని ఆయన వాదన. ఈ తేలియాడే సమతూకానికి అమెరికా భూవిజ్ఞాని క్లారెన్స్ డటన్ పెట్టిన పేరు ఐసోస్టసీ. తెలుగులో సమస్థితి అంటారు.

అరిగే కొద్దీ లేచే కొండ

పర్వతం తేలుతోందంటే, దాని బరువు తగ్గితే పైకి లేవాలి. గోదావరి రేవులో పడవ నుంచి ఇసుక దింపుతుంటే పడవ నీటిపైకి తేలినట్టే ఇదీ. పర్వతాల విషయంలో ఇసుక దింపే కూలీలు నదులు, హిమానీనదాలు, వానలు.

భూపటలపు శిల సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2.7 గ్రాములు. దాని కింది ప్రావారానిది సుమారు 3.3 గ్రాములు. ఈ నిష్పత్తి ప్రకారం విశాలమైన పర్వత ప్రాంతం నుంచి సగటున 100 మీటర్ల మందం కొట్టుకుపోతే, కింది నుంచి 80 మీటర్లకు పైగా నేల తిరిగి పైకి లేస్తుంది. నికరంగా తగ్గేది 20 మీటర్ల లోపే. ఈ లేవడం వేల, లక్షల ఏళ్లపాటు సాగుతుంది. పర్వతాలు త్వరగా నేలమట్టం కాకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఇందులో మరో విశేషం ఉంది. నదులు కొండను అంతటా సమానంగా కోయవు. లోయలను లోతుగా తవ్వుతాయి, శిఖరాలను అంతగా ముట్టవు. బరువు తగ్గేది ప్రధానంగా లోయల్లో, పైకి లేచేది మాత్రం లోయలూ శిఖరాలూ కలిసిన మొత్తం ప్రాంతం. ఆ కారణంగా సగటు ఎత్తు తగ్గుతున్నా శిఖరాల ఎత్తు పెరగవచ్చు. 1933లో ఎవరెస్ట్ శిఖర యాత్రలో పాల్గొన్న భూవిజ్ఞాని లారెన్స్ వేజర్, టిబెట్ నుంచి హిమాలయాలను చీల్చుకుని నేపాల్‌లోకి దూకే అరుణ్ నదిని గమనించి, నదులు తవ్విపోసిన బరువు తగ్గడమే సమీప శిఖరాలు లేవడానికి కారణమై ఉంటుందని 1937లో ప్రతిపాదించారు.

2024లో నేచర్ జియోసైన్స్ పత్రికలో వెలువడిన అధ్యయనం ఈ ఊహకు అంకెలు జోడించింది. సుమారు 89,000 ఏళ్ల కిందట అరుణ్ నది కోసీ నదీ వ్యవస్థలో కలిసిందని, దాంతో కోత ఉధృతమై అపారమైన శిల కొట్టుకుపోయిందని పరిశోధకులు అంచనా వేశారు. ఆ బరువు తగ్గడం వల్ల ఎవరెస్ట్ శిఖరం 15 నుంచి 50 మీటర్ల మేర అదనంగా లేచిందని వారి లెక్క. కోసీ ఏటా బిహార్ మైదానాలకు మోసుకొచ్చే మట్టిలో ఆ శిఖరాన్ని లేపిన కోత జాడ ఉంది. హిమాలయాల నుంచి గంగా, బ్రహ్మపుత్ర నదులు తెచ్చిన మట్టి బంగాళాఖాతం అడుగున దాదాపు 3,000 కిలోమీటర్ల పొడవున పరుచుకుని ఉంది.

పర్వతాలను పుట్టించేది మాత్రం క్రమక్షయం కాదు. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట భారత ఫలకం ఆసియా ఫలకాన్ని ఢీకొనడం హిమాలయాలకు మూలకారణం. ఆ ఒత్తిడి నేటికీ ఆగలేదు. ఆ ఒత్తిడి లేపిన దాన్ని అరుగుదల ఎక్కడ ఎంత మలుస్తుందన్నదే ప్రశ్న. వాతావరణ మార్పుల వల్ల కోత పెరిగి పర్వతాలు ఎత్తయ్యాయా, పర్వతాలు ఎత్తవడం వల్లే వాతావరణం మారిందా అన్న చర్చను 1990లో పీటర్ మోల్నార్, ఫిలిప్ ఇంగ్లండ్ లేవనెత్తారు. ఆ చర్చ ఇంకా కొనసాగుతోంది. సూరత్‌కు దక్షిణాన సాగే సహ్యాద్రి శ్రేణి అంచు ఎత్తుగా నిలవడంలోనూ కోతతో తేలికైన భూపటలం పైకి వంగడం పాత్ర ఉందని భూవిజ్ఞానులు భావిస్తున్నారు.

కోరని కీర్తి

ఇంగ్లండ్‌లో స్థిరపడిన ఎవరెస్ట్ 1846లో ఎమ్మా వింగ్‌ను వివాహం చేసుకున్నారు. రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన గ్రంథానికి పతకం ప్రదానం చేసింది. భారతదేశంలో ఆయన వారసుడు ఆండ్రూ వా నేతృత్వంలో హిమాలయ శిఖరాల ఎత్తులు లెక్కగట్టారు. ఈ గణనల్లో రాధానాథ్ సిక్దార్ కృషి ప్రధానం. పదిహేనో నంబరు శిఖరం 29,002 అడుగులతో అన్నిటికన్నా ఎత్తైనదని 1856లో వా ప్రకటించి, దానికి తన పూర్వాధికారి పేరు ప్రతిపాదించారు. ఆ శిఖరాన్ని కొలవడంలో స్వయంగా పాలుపంచుకోని ఎవరెస్ట్ అందుకు అభ్యంతరం తెలిపారు. స్థానికులు ఆ పేరును పలకలేరని, హిందీలో రాయలేరని ఆయన వాదించారు. ఆయన ఇంటిపేరును ఈవ్‌రెస్ట్ అని పలికేవారు. నేడు ప్రపంచం మరోలా పలుకుతోంది. నేపాలీలు సాగర్‌మాథా అని, టిబెటన్లు చోమొలుంగ్మా అని పిలుచుకునే ఆ శిఖరానికి 1865లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఎవరెస్ట్ పేరునే ఖరారు చేసింది.

1861లో సర్ బిరుదు పొందిన ఎవరెస్ట్, 1866 డిసెంబర్ 1న లండన్‌లో కన్నుమూశారు. హోవ్ పట్టణంలోని సెయింట్ ఆండ్రూ చర్చి ఆవరణలో ఆయన సమాధి ఉంది.

జీవితమంతా దోషాన్ని తొలగించడానికే పోరాడిన ఆ సర్వేయరు, తాను దోషంగా భావించి సర్దుబాటు చేసిన 5.236 సెకన్లే తన కొలతల్లో అత్యంత విలువైన భాగమని ఊహించలేదు. కానీ అంకెలను ఉన్నవి ఉన్నట్టు ముద్రించిన నిజాయితీ వల్లనే పర్వతాలు తేలుతున్నాయన్న సత్యం బయటపడింది. 2020లో నేపాల్, చైనా సంయుక్తంగా ప్రకటించిన లెక్క ప్రకారం ఎవరెస్ట్ శిఖరం ఎత్తు 8,848.86 మీటర్లు. దాని పాదాల వద్ద నదులు కోస్తూనే ఉన్నాయి, శిఖరం లేస్తూనే ఉంది.